గుట్ట దాటిన గొంతు

ఫిల్మ్‌నగర్‌లో పుష్పవల్లిగారి ఇల్లెక్కడని అడిగితే ఆటోవాళ్లు కూడా కాసేపు ఆలోచించేవారు. మెయిన్ రోడ్డు మీంచి ఏటవాలుగా కిందికి దిగిన సందులో, మూడంతస్తుల మేడంత ఎత్తున్న రాతిగుట్ట వెనక ఒదిగిపోయిన పాత ఇల్లది. ఆ సందులో మొత్తం ఐదిళ్లు. ఏ ఇంట్లో మోటారు చెడినా, ఫ్యూజు పోయినా, కుళాయి కారినా వచ్చేది ఒక్కడే. బోరబండ నుంచి పాత మోపెడ్ మీద వచ్చే భిక్షం.

భిక్షానికి యాభై నాలుగేళ్లు. టీవీలు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో అతను యాంటెన్నాలు బిగించేవాడు. శ్రీనగర్ కాలనీలో ఏ డాబా మీద చూసినా అతను నిలబెట్టిన అల్యూమినియం పుల్లలే ఉండేవి. ఆదివారం సాయంత్రం సినిమా మొదలయ్యే వేళకు బొమ్మ సరిగా రాకపోతే, ఎంత పెద్దవాళ్లయినా మనిషిని పంపి అతన్ని పిలిపించుకునేవారు. తర్వాత కేబుల్ వచ్చింది, ఆ తర్వాత డిష్ వచ్చింది. డిష్ బిగించడానికి కంపెనీ చొక్కాలు తొడుక్కున్న కుర్రాళ్లు వచ్చారు. భిక్షం తను నిలబెట్టిన యాంటెన్నాలను తనే విప్పి పాత సామాన్లవాడికి వేశాడు. ఆ తర్వాత అతను పంపులూ ఫ్యాన్లూ బాగుచేయడం నేర్చుకున్నాడు. ఆ పనిలో బువ్వకు లోటు రాలేదు కానీ, ఇది నేను తప్ప ఇంకొకరు చేయలేరు అనుకునే పని మళ్లీ అతని చేతికి రాలేదు.

అది 2011 వేసవి. నగరంలోకి త్రీజీ కొత్తగా వచ్చిన ఏడు. పుష్పవల్లిగారి స్నానాల గదిలో పట్టుకుని లేవడానికి స్టీలు రాడ్డు బిగించాలంటే భిక్షం వచ్చాడు. ఆవిడ డబ్బింగ్ కళాకారిణి. ముప్ఫై ఏళ్లుగా సినిమాల్లో అమ్మలకూ అత్తలకూ గొంతిచ్చిన మనిషి. ఆవిడ మొహం బజార్లో ఎవరూ గుర్తుపట్టరు. నోరు తెరిచి రెండు మాటలంటే మాత్రం కూరగాయలు తూచే చెయ్యి ఆగిపోతుంది. ఫిబ్రవరిలో స్టూడియో మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు నాలుగు నెలలు గడప దాటొద్దన్నాడు.

భిక్షం గోడకు డ్రిల్లు పెడుతుంటే అవతల గదిలో ఆవిడ ఫోన్ మాట్లాడటం వినిపించింది. ఫోన్ విసురుగా బల్ల మీద పెట్టిన చప్పుడైంది. పని ముగించి, రాడ్డు గట్టిగా ఉందో లేదో చూసుకోమని చెప్పడానికి అతను వెళ్లాడు. ఆవిడ వాకర్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఏమైందమ్మా అని అడగ్గానే, ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉన్నట్టు చెప్పేసింది.

కమలాకర్ అనే దర్శకుడి సినిమాకు ఆవిడ తల్లి పాత్ర చెబుతోంది. పాత్ర వేసింది కన్నడ నటి. సగం చెప్పాక కాలు విరిగింది. ఇన్నాళ్లూ ఆగిన నిర్మాత ఇప్పుడు విడుదల తేదీ ప్రకటించాడు. 

"మిగతా సగం ఇంకొకరు చెబితే అతకదట, భిక్షం. అందుకని మొదట్నుంచీ ఇంకొకరి చేతే చెప్పిస్తారట. నేను చెప్పిందంతా తుడిచేస్తారు," అంది ఆవిడ. ఏడవలేదు. ఆ గొంతుతో ఎన్ని వేలసార్లు ఏడ్చిందో, తన కోసం ఏడవడానికి మాత్రం ఆవిడకు మనసు రానట్టుంది.

ఒక్క దారి మిగిలి ఉంది. దాన్ని కనిపెట్టినవాడు సాయిశ్రీనివాస్ అనే సౌండ్ ఇంజినీరు. తెనాలి కుర్రాడు, ముప్ఫై ఏళ్లుండవు, ఆవిడంటే ప్రాణం. స్టూడియో మైకు ఒకటి తెచ్చి, ఇంట్లో సామాన్ల గది ఖాళీ చేయించి, గోడలకు బొంతలూ దుప్పట్లూ వేలాడదీసి దాన్నే రికార్డింగ్ గదిగా మార్చాడు. అయితే కమలాకర్ చెన్నైలో కూర్చుని సంగీతం పని చూసుకుంటున్నాడు. అక్కడి నుంచి బొమ్మ ఇక్కడికి రావాలి, ఇక్కడి నుంచి గొంతు అక్కడికి పోవాలి. ప్రతి మాటా ఆయన విని, ఇది సరే, ఇది మళ్లీ చెప్పండి అనాలి. డిస్కులో పెట్టి కొరియర్‌లో పంపితే ఒక్క సీనుకు నాలుగు రోజులు పట్టింది. ఇంటర్నెట్ లేకుండా ఆ పని జరగదు.

ఆ ఇంటికి ఇంటర్నెట్ లేదు. మురుగు పైపుల కోసం రోడ్డు తవ్వినప్పుడు టెలిఫోన్ తీగ తెగింది, రాయి తొలిచి మళ్లీ వేయాలంటే వానాకాలం దాటాలన్నారు. కేబుల్ నెట్ వాళ్లు తీగ లాగాలంటే గుట్ట మీది ఖాళీ స్థలం దాటి రావాలి. ఆ స్థలం కోసం అన్నదమ్ములిద్దరు కోర్టులో ఉన్నారు, తీగ కాదు కదా కాకిని కూడా వాలనివ్వడం లేదు. ఆ ఇంటి డాబా ఎక్కి చూస్తే మాదాపూర్ అద్దాల మేడలు కనిపిస్తాయి. అక్కడ కూర్చున్న పిల్లలు అమెరికా బ్యాంకుల లెక్కలు ఇక్కణ్ణుంచే సరిచేస్తున్నారు. నాలుగు మైళ్ల ఇవతల ఈ ఇంటికి మాత్రం ఒక్క తీగ రాలేదు.

సాయి డేటా కార్డు కొన్నాడు. బొటనవేలంత పొడవున్న తెల్లటి పుల్ల. ల్యాప్‌టాప్‌కు గుచ్చితే మొబైల్ టవరు నుంచే ఇంటర్నెట్ వస్తుంది. త్రీజీ అందితే దాని మీద నీలం దీపం వెలుగుతుంది, అందకపోతే పచ్చది. పుష్పవల్లిగారి ఇంట్లో ఏ గదిలో పెట్టినా పచ్చగానే ఉంది. మూడు నిమిషాల బొమ్మ దిగడానికి మధ్యాహ్నమంతా పట్టి, చివర్లో తెగిపోయింది. కంపెనీకి ఫిర్యాదు చేస్తే ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఇల్లంతా తిరిగి, టవరు గుట్టకు అవతల ఉంది కాబట్టి ఇక్కడ కవరేజీ రాదని చెప్పి, కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు.

అప్పుడు భిక్షం అక్కడే ఉన్నాడు, ఫ్యాను బాగుచేస్తూ. ఆ పుల్లను జర ఒకసారి చూడనిస్తారా అని అడిగాడు. సాయి విసుగ్గానే ఇచ్చాడు. భిక్షం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, గిది మంచిగనే ఉన్నది. గిది కూసున్న జాగనే మంచిగ లేదు. డాబా మీదికి వోదాం పాండ్రి."

పోయేదేముందని సాయి ల్యాప్‌టాప్ ఎత్తుకుని వెంట నడిచాడు. డాబా మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. గుట్ట ఉన్న వైపు పెడితే పచ్చదీపం. భిక్షం గుట్టకు వీపు తిప్పి, నైరుతి మూలకు నడిచి, నీళ్ల ట్యాంకు దిమ్మె ఎక్కి చేయి పైకెత్తాడు. ఒక్క క్షణం నీలం వెలిగి, మళ్లీ పచ్చగా మారింది.

సాయి అది చూడనేలేదు. భిక్షం చూశాడు. ఎన్నో ఏళ్ల కిందట ఈ గుట్ట పక్క ఇళ్లలోనే టీవీలో మనిషి పక్కన మనిషి నీడలా ఇద్దరిద్దరు కనిపించేవారు. యాంటెన్నాను స్టేషన్ వైపు కాకుండా, అవతలి కొండ వైపు తిప్పితే బొమ్మ శుభ్రంగా వచ్చేది. ఆ సంగతి చెబితే, టీవీ వేరు, త్రీజీ వేరు అన్నాడు సాయి.

"టీవీ అయినా గిదైనా గాలిల వచ్చేదే గద సార్. వచ్చేదానికి తొవ్వ గావాలె. దగ్గరున్న టవరుకు తొవ్వ లేదు. దూరమున్నదానికి ఉన్నదేమో దేవులాడాలె. నాకొక్క రోజు ఇయ్యుండ్రి."

దిగివచ్చి పుష్పవల్లిగారిని ఒక ఎర్ర చీర అడిగాడు. ఎందుకని కూడా అడక్కుండా ఆవిడ బీరువాలోంచి తీసి ఇచ్చింది. దాన్ని ట్యాంకు చుట్టూ జెండాలా కట్టి, మోపెడ్ ఎక్కాడు. ఇంట్లో నిలబడి టవరు ఎక్కడుందని వెతకడం కాదు, టవరు దగ్గర నిలబడి ఇల్లు కనిపిస్తుందా అని చూడాలన్నది అతని లెక్క. ఆ కంపెనీ టవర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో సాయి కాగితం మీద రాసిచ్చాడు. మొదటి రెండు చోట్లా అడ్డంగా అపార్ట్‌మెంట్లే. మూడోది షేక్‌పేట పాత ఊళ్లో, ఒక మూడంతస్తుల మేడ మీద ఉంది. మేడవాళ్లను బతిమాలి పైకెక్కి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఫిల్మ్‌నగర్ వైపు చూశాడు. రెండు కొత్త మేడల మధ్య సన్నటి సందులోంచి, చాలా దూరంలో, రాతిగుట్ట పాదం దగ్గర అగ్గిపుల్ల తలంత ఎర్రగా ఏదో కదులుతోంది. చీర గాలికి ఎగురుతోంది.

భిక్షం ఎండలో అలాగే నిలబడి దాన్ని చాలాసేపు చూశాడు. మేడవాళ్లు నీళ్లు కావాలా అని అడిగేదాకా అతనికి అక్కణ్ణుంచి కదలాలనిపించలేదు.

మర్నాడు సందులో మూడో ఇంటివాళ్లు మూలన పడేసిన పాత డిష్ అడిగి తెచ్చాడు. దానిముందు పొడుచుకొచ్చిన చేతికి ఉన్న డబ్బా పీకేసి, అక్కడ డేటా కార్డు కట్టి, పొడుగు తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపాడు. ట్యాంకు దిమ్మె పక్కన ఇనప గొట్టం పాతి, డిష్‌ను షేక్‌పేట వైపు తిప్పాడు. ఆ తర్వాత చేసిందంతా వేళ్ల పని. కార్డును ఒక గోరంత ముందుకు, అరగోరంత వెనక్కు జరపడం, డిష్‌ను వెంట్రుకవాసి పక్కకు తిప్పడం. నలభై నిమిషాలకు నీలం దీపం వెలిగి, ఇక ఆరలేదు. అంతకు ముందు రోజుదాకా సున్నా పాయింట్ ఒకటి ఎంబీపీఎస్ చూపించిన వేగం ఇప్పుడు రెండున్నర చూపిస్తోంది. సాయి నమ్మక మూడుసార్లు కొలిచాడు. మూడోసారి కొలిచాక ల్యాప్‌టాప్ మూసి, "భిక్షం గారూ, మీరు ఇది ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాడు. అప్పటిదాకా అతను భిక్షాన్ని గారూ అనలేదు, మీరూ అనలేదు.

కార్డును గుచ్చుకునే చిన్న రూటరొకటి సాయి తెచ్చాడు. వాన తగలకుండా దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైపు వెంబడి తీగ కిందికి దింపి సామాన్ల గదిలోకి లాగారు. ఆ రాత్రే కమలాకర్‌కు కబురు వెళ్లింది. ఆయన గురువారం పొద్దున ఒక్క పూట చూస్తానన్నాడు. మిగిలినవాటిలో అన్నిటికన్నా కష్టమైన సీను తీసుకుంటానని, నెట్‌లో ఎదురుగా కూర్చుని తను వింటుంటే ఆవిడ చెప్పాలని, అది కుదరకపోతే శుక్రవారం నుంచి వేరే ఆమె మొదలుపెడుతుందని స్పష్టంగా చెప్పాడు.

చేతిలో మూడు రోజులున్నాయి. మొదటి రోజు మిట్టమధ్యాహ్నం దీపమే ఆరిపోయింది. భిక్షం పైకెళ్లి ముట్టుకుంటే కార్డు ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. బోరబండ వెళ్లి భార్య కౌసల్య వంటింట్లోంచి చిన్న మట్టి ముంత తెచ్చి, గాలాడటానికి బొక్కలు పొడిచి, కార్డు మీద బోర్లించి కట్టాడు. రేకు పెడితే సిగ్నల్ ఆగుతుంది, పొడి మట్టి ఆపదు. ఆ పూట నుంచి ఎండ బెడద పోయింది. సాయంత్రమయ్యేసరికి ఇంకో చిక్కు. ఆఫీసుల నుంచి జనం ఇళ్లకు చేరే వేళకు వేగం సగానికి సగం పడిపోతోంది. భిక్షానికి ఇందులో వింతేమీ కనిపించలేదు. "నల్లా లెక్కనే అమ్మా. అందరు లేవకముందే పట్టుకోవాలె," అని పుష్పవల్లిగారితో చెప్పాడు. ఆరుగంటలకే మొదలుపెడదామని చెన్నైకి చెప్పారు.

గురువారం భిక్షం తెల్లవారకముందే బోరబండ నుంచి బయల్దేరాడు. అతను వచ్చేసరికి పుష్పవల్లిగారు తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, వాకర్ మీద సామాన్ల గదిలోకి వెళుతోంది. కూర్చుని చెప్పొచ్చు కదా మేడమ్ అని సాయి అంటే, నిలబడితే తప్ప ఈ తల్లి గొంతు రాదంది.

ఆరుకు కమలాకర్ మొహం తెర మీద కనిపించింది. మొదటి పది నిమిషాలూ సాఫీగా నడిచింది. అప్పుడు పడమటి నుంచి గాలి లేచింది. మే నెలలో వాన ముందు వచ్చే దుమ్ముగాలి. వెంటిలేటర్ రెక్కలు కొట్టుకున్నాయి. తెర మీద కమలాకర్ మొహం బిగుసుకుపోయింది, మాట ముక్కలైంది, మాయమైంది. మళ్లీ కలిసినప్పుడు ఆయన నొసలు ముడిచి ఉన్నాడు. ఇంకోసారి తెగితే ఆపేద్దామన్నాడు.

భిక్షం అప్పటికే మెట్లెక్కుతున్నాడు. డాబా మీద గొట్టం గాలికి ఊగుతోంది. మూడు రోజుల కిందట పాతినది, సిమెంటు సరిగా పట్టలేదు. కట్టడానికి తాడు వెతికే వ్యవధి లేదు. అతను డిష్ వెనక్కు వెళ్లి, దిమ్మెకు కాళ్లు తన్నిపెట్టి కూర్చుని, గొట్టాన్ని భుజానికి ఆనించి రెండు చేతులతో వాటేసుకున్నాడు. ముంత బొక్కల్లో నీలం దీపం ఒకసారి రెపరెపలాడి, నిలిచింది. కళ్లల్లో దుమ్ము పడుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు.

అక్కడికి తెర కనిపించదు, దర్శకుడి మాట వినిపించదు. వెంటిలేటర్లోంచి పుష్పవల్లిగారి గొంతొక్కటే పైకి వస్తోంది. జైలు గేటు దగ్గర ఒక తల్లి జవానుతో మాట్లాడే సీనది. మొదట బతిమాలుతోంది. కొడుక్కి అన్నం తెచ్చానంటోంది, చల్లారిపోతోందంటోంది. తర్వాత గొంతు మారింది. గట్టిగా కాదు, ఇంకా కిందికి దిగింది. "గేటు తీయకు బాబూ. వాడు బయటికి నడిచొచ్చేదాకా నేనిక్కడే ఉంటాను. నాకేం తొందర లేదు." ఆ మాట ఇప్పుడే తన భుజం పక్కనుంచి, ఆ ముంత కిందినుంచి, రెండు మేడల సందులోంచి దూరి పోతోందని అతనికి తెలుసు. గొట్టాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఆవిడ ఆ సీను నాలుగుసార్లు చెప్పింది. గాలి తగ్గింది, నాలుగు చినుకులు రాలాయి. ఆ చినుకులకు ముంత తడుస్తుందేమోనని భిక్షం తన తువ్వాలు తీసి పైన గొడుగులా పట్టాడు. అలా ఎంతసేపు ఉన్నాడో అతనికే తెలియదు. సాయి మెట్లెక్కి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కుర్రాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఓకే అయింది. మొత్తం సినిమా మేడమే చెబుతారు. డైరెక్టర్ గారు మీతో మాట్లాడాలంటున్నారు, రండి."

భిక్షం లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోయాడు. సాయి చెయ్యి ఇచ్చి లేపాడు. కిందికి వెళ్లేసరికి పుష్పవల్లిగారు గోడకు ఆనుకుని నిలబడి ఉంది, బొంతల మధ్య, చెమటతో తడిసిపోయి. ఆవిడ భిక్షం రెండు చేతులూ పట్టుకుంది. ఇనప గొట్టం తుప్పు ఆవిడ చేతులకు అంటింది. "నా గొంతు నాకు మిగిల్చావు, నాయనా," అంది. అప్పుడు ఏడ్చింది. తెర మీంచి కమలాకర్ నమస్కారం పెట్టాడు. భిక్షం కూడా నమస్కారం పెట్టి, గొట్టానికి రేపు గట్టి సిమెంటు పోస్తానని చెప్పాడు.

పోశాడు కూడా. తర్వాత పదకొండు రోజులపాటు ప్రతి పొద్దునా ఆరింటికి ఆ సామాన్ల గదిలోంచి గొంతు చెన్నైకి వెళ్లింది, ఒక్కసారీ తెగలేదు. తొమ్మిదో రోజున, కవరేజీ రాదని సంతకం పెట్టించుకున్న కుర్రాళ్లిద్దరూ ఫిర్యాదు మూసేయడానికి వచ్చి, డాబా మీద డిష్‌నూ ముంతనూ చూసి నోరు తెరిచారు. ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. వెళ్లేముందు అందులో పెద్దవాడు భిక్షం నెంబరు అడిగాడు. వారం తిరక్కుండా జూబ్లీహిల్స్ నుంచి ఫోనొచ్చింది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేరు, ఇల్లేమో రెండు బండల మధ్య. ఆ తర్వాత ఒక ఎడిటరు, ఒక సంగీత దర్శకుడి మేనేజరు, షేక్‌పేటలో ఇంటి నుంచే పాఠాలు చెప్పే గీతిక అనే టీచరమ్మ. వానలు మొదలయ్యేసరికి భిక్షం పంపుల పనికి సమయం దొరకక, ఆ పని వేరే అతనికి అప్పగించాడు. ఏ ఇంటికి వెళ్లినా ముందు ఎర్రగుడ్డ అడిగేవాడు.

సినిమా ఆగస్టులో విడుదలైంది. పుష్పవల్లిగారు ఇద్దరికి టిక్కెట్లు పంపితే భిక్షం, కౌసల్య ఎర్రగడ్డలో రెండో ఆట చూడటానికి వెళ్లారు. జైలు గేటు సీను వచ్చినప్పుడు కౌసల్య కొంగు నోట్లో కుక్కుకుంది. ముందు వరసల్లోంచి చప్పట్లు లేచి, వెనక్కు పాకి, బాల్కనీ దాకా వచ్చాయి. భిక్షం మాత్రం చెవులదాకా నవ్వుతూ కూర్చున్నాడు. ఏడ్చేకాడ నవ్వుడేందని కౌసల్య మోచేత్తో పొడిచింది.

ఇంటర్వెల్‌లో పక్క సీటాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ తన భార్యతో, ఈ అమ్మ వేషం వేసినామె ఎంత బాగా మాట్లాడిందో అన్నాడు. భిక్షం ఉండబట్టలేకపోయాడు.

"మాట్లాడింది ఆమె గాదు సార్. మా పుష్పవల్లమ్మ. ఇంట్ల నిలవడి మాట్లాడింది, కాలు ఇరిగి."

ఆయన ఆశ్చర్యంగా ఇటు తిరిగాడు. ఇంట్లో నిలబడితే సినిమాలోకి ఎలా వచ్చిందని అడిగాడు. భిక్షం సీట్లో సర్దుకుని, రాతిగుట్ట దగ్గర మొదలుపెట్టాడు. ముందు వరసలో ఇద్దరు వెనక్కు తిరిగి వినసాగారు. సమోసాలబ్బాయి పిలిచినా ఎవరూ పలకలేదు. షేక్‌పేట మేడ ఎక్కేదాకా వచ్చేసరికి దీపాలు ఆరిపోయాయి, బొమ్మ మొదలైంది. పక్కాయన చీకట్లో అతని వైపు వంగి, గొంతు తగ్గించి, "ఇల్లు కనిపించిందా మరి?" అన్నాడు.

"కనవడ్డది," అన్నాడు భిక్షం.